గేమ్ ముందు కుదిరే ధ్యాస పుస్తకం ముందు ఎందుకు కుదరదు?

ప్రశ్న: మా అబ్బాయికి పదిహేడేళ్లు. ఏడీహెచ్‌డీ (ధ్యాస, నిలకడ కుదరని సమస్య) ఉందని ఈమధ్యే సైకియాట్రిస్ట్ చెప్పారు. గంటల తరబడి గేమ్ ఆడతాడు, పుస్తకం ముందు పది నిమిషాలు కూర్చోడు. ఏడీహెచ్‌డీ ఉన్నవాళ్లకు స్టార్టప్పే సరైనదని వీడియోల్లో చూసి, చదువు మానేస్తానంటున్నాడు. వాళ్ల నాన్న అకౌంట్స్ డిగ్రీ చేయమంటున్నారు. ఏది మంచిది? మందులంటే కూడా భయంగా ఉంది.
- ఒక తల్లి

జవాబు: అమ్మా, మీరు అడిగింది కోర్సు గురించే. కానీ ఉత్తరం నిండా 'వీడు ఎప్పటికైనా తన కాళ్ల మీద నిలబడతాడా' అనే దిగులే కనిపిస్తోంది. నిలబడతాడు. ఏడీహెచ్‌డీతోనే డాక్టర్లు, లాయర్లు, ఇంజినీర్లు అయినవాళ్లున్నారు. ఈతలో 23 ఒలింపిక్ స్వర్ణాలు గెలిచిన మైకేల్ ఫెల్ప్స్‌కు చిన్నప్పుడే ఇది ఉందని తేలింది. అందరూ ఫెల్ప్స్ కాలేరు, కానక్కర్లేదు కూడా.

'గేమ్ ఆడేటప్పుడు లేని ఇబ్బంది చదివేటప్పుడే వస్తుందా' అని ఇంట్లో ఎన్నిసార్లు దెప్పి ఉంటారో ఊహించగలను. నా దగ్గరికి వచ్చే తల్లిదండ్రులు చాలామంది అనే మాటే ఇది. గేమ్‌లో ఫలితం క్షణాల్లో కనిపిస్తుంది, చదువులో నెలలు పడుతుంది. ఆసక్తి, కొత్తదనం, నెత్తి మీదికొచ్చిన గడువు ఉంటే ఈ పిల్లలకు ధ్యాస కుదురుతుంది. 'ఇది ముఖ్యం' అని తెలిసినంత మాత్రాన కుదరదు. దాన్ని బద్ధకం అనడం ఇవాళ్టితో ఆపండి. 12 ఏళ్లలోపే కొన్ని లక్షణాలు ఉంటేనే డాక్టర్లు ఏడీహెచ్‌డీ అని చెబుతారు. అంటే ఇన్నేళ్లూ మీవాడు దీంతోనే నెట్టుకొస్తూ, పైగా తిట్లు తిన్నాడు. అన్నట్టు, ఇది కుటుంబాల్లో వచ్చేది. కోప్పడే ముందు పెద్దవాళ్లు తమ పాత ప్రోగ్రెస్ కార్డులు ఒకసారి తీసి చూసుకుంటే మంచిది!

ఇక స్టార్టప్. 'ఏడీహెచ్‌డీ ఒక సూపర్‌పవర్' అనే వీడియోల మీద నాకు నమ్మకం తక్కువ. ఐడియాలు రావచ్చు, తెగువా ఉండొచ్చు. కానీ మొదటి ఉత్సాహం చల్లారాక వ్యాపారంలో మిగిలేవి బిల్లులు, పన్ను లెక్కలు, జవాబివ్వాల్సిన మెయిళ్లు. అడిగే బాస్ ఉండడు, గడువు పెట్టే టీచర్ ఉండరు. మీవాడికి ఏవి కష్టమో సరిగ్గా అవే పనులు, అదీ ఒంటరిగా. గెలిచినవాళ్లు వీడియోలు చేస్తారు, మధ్యలో వదిలేసినవాళ్లు చేయరు కదా. ముందు ఎక్కడైనా కొన్నాళ్లు ఉద్యోగం చేసి, లెక్కాపత్రం చూసుకునే నమ్మకమైన భాగస్వామి దొరికాక ఆలోచించమనండి. అందాకా సెలవుల్లో చిన్న ప్రాజెక్టు చేస్తానంటే అడ్డుపడకండి.

అకౌంట్స్ విషయానికొస్తే, అబ్బాయికి అంకెలు ఇష్టమైతే సరే. మీ ధైర్యం కోసమైతే వద్దు. కోర్సు పేరు కన్నా అది నడిచే తీరు చూడండి. ఏడాది చివర ఒకే పెద్ద పరీక్ష ఉండే కోర్సు కన్నా వారం వారం అసైన్‌మెంట్లు, ల్యాబ్, ప్రాజెక్టులు ఉండేది ఇలాంటి పిల్లలకు నయం.

మందుల గురించి భయం సహజమే. కానీ ఎక్కువగా రాసే మిథైల్‌ఫెనిడేట్ 1944లో తయారైంది, దశాబ్దాలుగా వాడుకలో ఉంది. కొందరికి ఆకలి తగ్గుతుంది, నిద్ర సరిగా పట్టదు. అప్పుడు డాక్టర్ మోతాదో, మందో మారుస్తారు. చుట్టాల మాట విని మీరే మొదలుపెట్టడం, మానేయడం మాత్రం చేయకండి. మందు వాడినా పనిని ముక్కలు చేసుకోవడం, ఎదురుగా గడియారం పెట్టుకోవడం, చదివేటప్పుడు పక్కన ఒకరు కూర్చోవడం అవసరమే. మార్కులు తగ్గాయని ఆటలు మాన్పించారా? వెంటనే మళ్లీ పంపండి, వ్యాయామం ధ్యాసకు సాయపడుతుంది.

ఈసారి డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు సందేహాలన్నీ కాగితం మీద రాసుకోండి. అబ్బాయినీ రాయమనండి. లోపల ముందు అతన్నే మాట్లాడనివ్వండి.