లెగోలాండ్‌కి నాలుగున్నరేళ్ళ పాపతో వెళ్తే ఒక్క రోజు సరిపోతుందా?

నాలుగున్నరేళ్ళ పాపను లెగోలాండ్‌కి తీసుకెళ్ళాలనుకుంటున్నాం, మరీ చిన్నదేమో, ఒక్క రోజు చాలుతుందా అని అడిగారు. మేం మా వాడిని సరిగ్గా అదే వయసులో తీసుకెళ్ళాం. ఒక్క రోజు చాలు. చిన్నదేమీ కాదు, లెగో అనే ప్లాస్టిక్ బొమ్మ ఇటుకల పేరు మీద వచ్చిన ఆ పార్కులు 2 నుంచి 12 ఏళ్ళ పిల్లల్ని దృష్టిలో పెట్టుకుని కట్టినవే. కాకపోతే బయల్దేరే ముందు పాప వయసు కాదు, ఎత్తు చూసుకోండి.

మేం ఆ పని చెయ్యలేదు. వారం రోజుల పాటు అక్కడి డ్రాగన్ రోలర్ కోస్టర్ వీడియోలు చూపించి వాడిని ఊరించాం. తీరా అక్కడికి వెళ్ళాక రెండు సెంటీమీటర్లు తక్కువొచ్చాడు. మునివేళ్ళ మీద లేచి చూశాడు పాపం. కొలిచే అమ్మాయి నవ్వుతూనే కుదరదంది. ఇక చూడాలి, పార్కంతా వినేలా ఏడుపు. ఆ కోస్టర్‌కి చాలాచోట్ల మీటరు అటూ ఇటూ ఎత్తు అడుగుతారు. అది ఉన్నా, ఇంత చిన్నపిల్లలతో పాటు పెద్దవాళ్ళు కూడా ఎక్కాలి. ఏ రైడ్‌కి ఎంత ఎత్తు కావాలో ఆ పార్కు వెబ్‌సైట్‌లో ఉంటుంది. ఇంట్లో గోడకి నిలబెట్టి టేపుతో కొలిచి, ఎక్కగలిగేవే పాపకి చూపించండి. మిగతావి ఉన్నాయని కూడా చెప్పకండి.

ఇక మా వాడికి అసలు నచ్చిందేమిటంటే, మేం పావుగంటలో చూసేసి వెళ్ళిపోదామనుకున్న మినీల్యాండ్. నగరాలూ పేరున్న కట్టడాలూ దాదాపు ఇరవయ్యో వంతు సైజులో లెగో ఇటుకలతోనే కట్టి పెడతారు. వాటి మధ్య రైళ్ళు తిరుగుతుంటాయి, పడవలు కదులుతుంటాయి. కొన్నిచోట్ల బటన్లుంటాయి, నొక్కితే ఏదో ఒకటి కదులుతుంది. వాడు ఒకే బటన్‌ని ఎన్నిసార్లు నొక్కాడో లెక్కలేదు. మా ఆయన గడియారం చూసుకుంటూ "ఇంకా పది రైడ్లున్నాయి" అంటాడు, వాడేమో కదలడు. కాసేపటికి నేనూ పక్కన కూర్చున్నాను. అప్పుడు కనిపించాయి ఆ చిన్న చిన్న తమాషాలు. జనం మధ్య ఒకడు జారిపడి ఉంటాడు, ఇంకొకడు పని మానేసి నిద్రపోతుంటాడు. నిలబడి చూస్తే ఇవేవీ కంటపడవు. అలా గంటన్నర గడిచింది. నన్నడిగితే టికెట్ డబ్బులు అక్కడే వచ్చేశాయి.

ఆలోచిస్తే ఇందులో వింతేమీ లేదు. ఈ పార్కు పుట్టిందే అలా. డెన్మార్క్‌లోని బిలుండ్‌లో లెగో ఫ్యాక్టరీలో పెట్టిన బొమ్మల నమూనాలు చూడ్డానికి ఏటా వేలమంది వస్తుంటే, వాళ్ళకోసం విడిగా ఒక చోటు ఉండాలని మొదలుపెట్టారు. 1968 జూన్‌లో తెరిచారు. జనం మొదట వచ్చింది కోస్టర్ల కోసం కాదు, ఆ చిన్న ఊళ్ళ కోసం.

డ్రైవింగ్ స్కూల్ కూడా ఆ మొదటి పార్కు నుంచే ఉంది. దాన్ని మాత్రం అస్సలు వదలకండి. మామూలుగా 3 నుంచి 5 ఏళ్ళ వాళ్ళకి ఒకటి, 6 దాటినవాళ్ళకి ఒకటి, విడివిడిగా ఉంటాయి. కార్లకి కింద పట్టాలుండవు, స్టీరింగ్ పిల్లలే తిప్పాలి. పెద్దపిల్లల దాంట్లో సిగ్నళ్ళూ ఉంటాయి. మా వాడు చిన్నపిల్లల దాంట్లో ఒక రౌండు బాగానే తిరిగాడు. రెండో రౌండులో నేను కనపడగానే నడిరోడ్డు మీద కారాపి చెయ్యి ఊపుతూ కూర్చున్నాడు. వెనక ఆరు కార్లు ఆగిపోయాయి. ట్రాఫిక్ జామ్ ఎలా మొదలవుతుందో ఆ రోజు కళ్ళారా చూశాను.

ఫైరింజన్ రైడ్ ఉంటే మీరు బాగా తిని వెళ్ళండి. మీటను పైకీ కిందకీ కొడితేనే బండి కదులుతుంది, నీళ్ళు కూడా మనమే కొట్టాలి. పాప హుషారుగా అరుస్తుంది, చేతులు మీవి పడిపోతాయి.

చాలామందికి తెలియని సంగతి ఇంకొకటుంది. అక్కడి సిబ్బందిలో చాలామంది తమ బ్యాడ్జీకి చిన్న లెగో మనిషి బొమ్మ పెట్టుకుని ఉంటారు. పాప తన బొమ్మ ఇచ్చి మార్చుకుందామా అని అడిగితే మార్చుకుంటారు. తల, ఒళ్ళు, కాళ్ళు అన్నీ ఉన్న పాత బొమ్మలు నాలుగైదు ఇంటి నుంచి తీసుకెళ్ళండి. మా వాడు కొత్తవాళ్ళని చూస్తే నా వెనక దాక్కునే రకం. సాయంత్రానికల్లా తనే పరిగెత్తి వెళ్ళి అడగడం మొదలుపెట్టాడు.

మిగతావి చిన్న విషయాలు. గేటు తియ్యగానే లోపల చివరికి వెళ్ళిపోండి, జనమంతా ముందున్న రైడ్ల దగ్గరే ఆగిపోతారు. పాపకి రెండు జతల బట్టలు అదనంగా పెట్టుకోండి. నీళ్ళాట ఎక్కడో ఒకచోట ఉంటుంది, వద్దన్నా తడుస్తుంది. పెద్ద రైడ్ మీకూ ఎక్కాలనుంటే, పాప దగ్గర ఒకరుండి ఒకరు ఎక్కి, మళ్ళీ క్యూ కట్టకుండా మార్చుకోనిస్తారా అని అక్కడివాళ్ళని అడగండి. బయటికొచ్చేటప్పుడు ఎలాగూ బొమ్మల షాపు తగులుతుంది. ఎన్ని కొంటారో పొద్దున్నే ఒప్పందం చేసుకోండి, అక్కడికి వెళ్ళాక బేరం పెడితే ఓడిపోయేది మీరే.

పాప ఎత్తు కొలిచి, ఏ పార్కుకో కూడా రాయండి. ఏవి ఎక్కనిస్తారో నేనూ చూసి చెబుతాను.