మగపిల్లి మాటిమాటికీ ఇసుక డబ్బాలో కూర్చుంటోంది, మలబద్ధకమా?

మీ మగపిల్లి పొద్దుటినుంచి పదిసార్లు ఇసుక డబ్బాలోకి వెళ్లి ముక్కుతోందని, ఆముదం పట్టవచ్చా అని అడిగారు. పట్టకండి. ముందు ఇసుక తడిసిందో లేదో చూడండి. తడి లేకపోతే చదవడం ఆపి పశువైద్యుడి దగ్గరికి బయలుదేరండి.

నాలుగేళ్ల క్రితం ఒక ఆదివారం మా బంటి ఇలాగే చేశాడు. డబ్బాలో కూర్చోవడం, లేవడం, కింద నాక్కోవడం, మళ్లీ వెళ్లడం. మలబద్ధకమే అని అమ్మ అంది, నేనూ నమ్మాను. పెరుగన్నం పెడితే వాసన కూడా చూడలేదు. రాత్రి పదకొండు గంటలకు వాంతి చేసుకుని మంచం కిందికి దూరాడు. ఎత్తుకోబోతే నా చెయ్యి పొట్టకు తగిలింది. అంతకు ముందెన్నడూ వాడి గొంతులో వినని అరుపు అది. పొట్ట అడుగున బత్తాయంత గట్టి ఉండ. అది నిండిపోయిన మూత్రాశయమని తెల్లవారి డాక్టరు చెప్పేదాకా నాకు తెలియదు.

మగపిల్లికి మూత్రనాళం చాలా సన్నం. ఇసుక రేణువుల్లాంటి స్ఫటికాలు, కాస్త జిగురు చేరినా మూసుకుపోతుంది. మూత్రం ఆగితే రక్తంలో పొటాషియం పెరిగి గుండె దెబ్బతింటుంది. ఒకటి రెండు రోజుల్లో ప్రాణం పోవచ్చు. బంటికి మత్తు ఇచ్చి సన్నటి గొట్టం వేస్తే ఎర్రటి మూత్రం వచ్చింది. మూడు రోజులు సెలైన్ మీద ఉన్నాడు.

ఆ రాత్రి నేను మొదట ఫోన్ చేసిన చోట "పిల్లే కదండీ, రేపు చూద్దాం" అన్నారు. ఆ మాట ఇప్పటికీ మండుతుంది. గేదెకు, కుక్కకు ఉన్న విలువ మన ఊళ్లలో పిల్లికి లేదు. నొప్పికని పారాసెటమాల్ ముక్క వేసేవాళ్లు కూడా ఉన్నారు. అది పిల్లి ఎర్ర రక్తకణాలను పాడుచేసి చంపేస్తుంది.

మా బంటి విషయంలో సగం తప్పు పొడి ఆహారపు గుళికలదే అని నా గట్టి నమ్మకం. ఇప్పుడు తడి ఆహారమే పెడుతున్నాను, మూడు చోట్ల నీళ్ల గిన్నెలు ఉంచాను. రోజూ ఇసుకలో తడి ఉండలు లెక్కపెడతాను.

మీరు పొట్ట నొక్కి చూడకండి. దారిలోనే ఫోన్ చేసి, "మగపిల్లికి మూత్రం ఆగిపోయింది, ఇప్పుడే గొట్టం వేయగలరా?" అని అడగండి. రేపు రమ్మంటే ఇంకోచోటికి ఫోన్ చేయండి.