రెండు బిలియన్లు సరే, జీతాల తేదీ ఎప్పుడు?

తమ్ముడికి,

రగ్బీ లీగ్ డబ్బు మీద నువ్వు రాసిన వ్యాసం చదివాను. ఆట నీకు బాగా తెలుసు. పదమూడు మంది ఆడే రగ్బీ లీగ్‌నీ, పదిహేను మంది ఆడే రగ్బీ యూనియన్‌నీ ఒకే గాటన కట్టే తప్పు చెయ్యలేదు. చిక్కంతా డబ్బు దగ్గరే వచ్చింది. "రెండు బిలియన్ డాలర్ల ప్రసార ఒప్పందంతో ఎన్‌ఆర్‌ఎల్ కళకళలాడుతోంది" అని, ఆస్ట్రేలియా రగ్బీ లీగ్ పోటీ గురించి మొదలుపెట్టావు. ఆ వాక్యం కొట్టెయ్. తప్పని కాదు, చదివినవాడికి అందులో ఏమీ దొరకదు. పేరు గొప్ప ఊరు దిబ్బ అన్న సామెత ఈ ఆటలో చాలా క్లబ్బులకు అతికినట్టు సరిపోతుంది. ఆ దిబ్బ ఎక్కడుందో చూపించడమే నీ పని.

ముందు అంకెను విప్పు. బిలియన్ అంటే వంద కోట్లు. రెండు బిలియన్లంటే 200 కోట్ల డాలర్లు, అవీ అమెరికావి కాదు, ఆస్ట్రేలియావి. 2023 నుంచి 2027 దాకా అయిదేళ్లకు కలిపి చెప్పిన మాట అది. అయిదుతో భాగిస్తే ఏడాదికి 40 కోట్లు. అందులోనూ అంతా నగదు కాదు. చందా లేకుండా చూసే (ఫ్రీ-టు-ఎయిర్) చానెల్ నైన్ వాటానే చూడు: ఏడాదికి సగటున 11.5 కోట్ల నగదు, దానిపైన సుమారు 1.5 కోట్ల కాంట్రా. కాంట్రా అంటే డబ్బుకు బదులు ఇచ్చే ప్రకటనల సమయం. లీగ్‌కి అది పనికొస్తుంది, టికెట్లు అమ్ముకోవచ్చు. కానీ ప్రకటన సమయంతో ఏ ఆటగాడికీ జీతం ఇవ్వలేరు. కాబట్టి ఒప్పందం గురించి రాసిన ప్రతిచోటా ఎవరి కరెన్సీ, ఎన్నేళ్లు, నగదు ఎంత, కాంట్రా ఎంత అని నాలుగూ అడుగు. నాలుగింటికీ జవాబు దొరక్కపోతే ఆ అంకెను శీర్షికలోకి ఎక్కించకు.

ఐపీఎల్ ప్రసార హక్కుల 48,390 కోట్ల రూపాయలతో పోల్చి మ్యాచ్‌కి ఇంత అని లెక్కగట్టావు. అది తీసెయ్. రెండు నెలల్లో ముగిసే పోటీకీ, మార్చి నుంచి అక్టోబరు దాకా వారం వారం నడిచే పోటీకీ మ్యాచ్ ధర ఒకే తూనికతో తూగదు. పోలిక కావాలంటే శాలరీ క్యాప్‌ని, అంటే ఒక జట్టు ఆటగాళ్ల జీతాలకు లీగ్ పెట్టిన పరిమితిని, ఐపీఎల్ పర్సుతో పోల్చు. మనవాళ్లకు వెంటనే అర్థమవుతుంది, తప్పూ కాదు.

చానెల్ అసలు కొనేది ఏమిటో కూడా చెప్పాలి. నువ్వు "జట్లు పెరిగాయి కాబట్టి విలువ పెరిగింది" అని ఒక ముక్కలో దాటేశావు. అక్కడే కాస్త ఆగు. 2022లో 16 జట్లు, ఒక్కోదానికి 24 మ్యాచ్‌లు. పదహారును ఇరవై నాలుగుతో గుణించి సగం చెయ్యి: 192. 2023లో డాల్ఫిన్స్ అనే కొత్త జట్టు చేరి 17 అయ్యాయి, అప్పుడు 204. పెరిగినవి పన్నెండు మ్యాచ్‌లు. కానీ పదిహేడు బేసి సంఖ్య, ప్రతి రౌండ్లోనూ ఒక జట్టు ఖాళీగా కూర్చోవాల్సిందే. అంటే వారానికి ఎనిమిది మ్యాచ్‌లు దాటవు. శని ఆదివారాల్లో కొత్త సమయం ఏదీ పుట్టలేదు, సీజనే 25 రౌండ్ల నుంచి 27 రౌండ్లకు సాగింది. 2027లో పెర్త్ జట్టు వస్తే పద్దెనిమిది, అప్పుడు గానీ వారానికి తొమ్మిదో మ్యాచ్ రాదు. చానెల్‌కి కావలసింది ఆ తొమ్మిదోదే, ఎందుకంటే అది కొత్త టైమ్ స్లాట్. పెర్త్ గడియారం సిడ్నీ కంటే రెండు మూడు గంటలు వెనక. అక్కడ సాయంత్రం మొదలైన ఆట తూర్పు తీరంలో రాత్రి ఆలస్యంగా, వేరే ఆట ఏదీ లేని వేళకు పడుతుంది. ఆ తర్వాత 2028లో పాపువా న్యూ గినీ. ఆ జట్టు వెనక ఉన్నది టీవీ డబ్బు కాదు, పదేళ్లకు 60 కోట్ల డాలర్లు ఇస్తానన్న ఆస్ట్రేలియా ప్రభుత్వం. దాని లెక్క విదేశాంగ విధానం కింద రాయి, క్రీడా వ్యాపారం కింద కాదు.

ఇక నువ్వు పూర్తిగా వదిలేసిన సంగతికి వస్తాను. డబ్బు ఎంత అని రాశావు, ఎప్పుడు వస్తుందో రాయలేదు. క్లబ్బులు మునిగేది ఈ 'ఎప్పుడు' దగ్గరే.

ఇంగ్లండులో ఈ ఆటకు పై స్థాయి పోటీ సూపర్ లీగ్. అందులో ఒక మామూలు క్లబ్బుని ఊహించుకో. అంకెలు నావే, లెక్క తెలియడానికి చెబుతున్నా. అక్టోబరు నుంచి జనవరి లోపు 5,000 సీజన్ టికెట్లు ఒక్కోటి 200 పౌండ్లకు అమ్మింది. పది లక్షలు చేతికొచ్చాయి. లీగ్ క్లబ్బులకు పంచే టీవీ డబ్బులోంచి సెంట్రల్ వాటా నెలకు లక్ష. ఆటగాళ్ల జీతాలు, సిబ్బంది, మైదానం అద్దె, బీమా అన్నీ కలిపి నెలకు మూడు లక్షల ఖర్చు. నవంబరు, డిసెంబరు, జనవరి మూడు నెలలూ మ్యాచ్ లేదు, గేటు (టికెట్ల రాబడి) లేదు. తొమ్మిది లక్షలు పోయాయి, వాటా మూడు లక్షలు వచ్చింది. ఫిబ్రవరిలో మొదటి బంతి తన్నేసరికి చేతిలో నాలుగు లక్షలు. ఆ పైన నెలకు రెండు లక్షలు తరుగు. స్టేడియం నిండుగా కనబడుతుంది, కానీ లోపల కూర్చున్నవాళ్లలో ఎక్కువమంది ముందే డబ్బు కట్టేసినవాళ్లు. ఆ డబ్బు శీతాకాలంలోనే కరిగిపోయింది. వాళ్లకోసం గేటు దగ్గర మనుషుల్ని పెట్టిన ఖర్చు మాత్రం ఈ రోజుది. స్పాన్సరు చెక్కు ఒక నెల ఆలస్యమైతే మార్చి ఆఖరుకి డబ్బా ఖాళీ. ఖాతాపుస్తకంలో సీజన్ టికెట్ల సొమ్ము అప్పు కిందే ఉంటుంది, ఆట ఆడి తీర్చాల్సిన అప్పు. దాన్ని ఆదాయమనుకుని కొత్త ఆటగాణ్ణి కొన్న క్లబ్బు అప్పు చేసి పప్పు కూడు తింటున్నట్టే.

ఇప్పుడు ఇంగ్లండు క్లబ్బు బ్రాడ్‌ఫర్డ్ తేదీలు పక్కన పెట్టుకుని చూడు. 1997, 2001, 2003, 2005లో ఛాంపియన్లు. 2012 జనవరిలో తమ ఆడ్సల్ మైదానం లీజును ఆట పాలక సంస్థకే అమ్ముకున్నారు. అదే మార్చి ఆఖర్లో పది లక్షల పౌండ్లు కావాలని అభిమానుల ముందు చెయ్యి చాపారు. ఆ వేసవిలో అడ్మినిస్ట్రేషన్ (అప్పులు తీర్చలేక క్లబ్బు బయటి నిర్వాహకుల చేతికి వెళ్లడం), 2014లో మళ్లీ, 2016 నవంబరులో మూడోసారి. 2017 జనవరిలో ఆ కంపెనీని మూసేశారు. నెలలు చూశావా? నవంబరు, జనవరి, మార్చి. సాల్‌ఫర్డ్ అనే మరో క్లబ్బు కూడా 2024 నవంబరులోనే వచ్చే ఏడాది వాటాలోంచి అయిదు లక్షల పౌండ్లు ముందుగా అడిగింది. కొత్త సీజన్‌కి దాని జీతాల ఖర్చుకు పాలక సంస్థ 12 లక్షల పౌండ్ల గీత గీసింది. 2025 ఫిబ్రవరిలో మొదటి మ్యాచ్‌కి కుర్రాళ్లతో దిగి సెయింట్ హెలెన్స్ చేతిలో 82-0తో ఓడింది. స్కోరు మాత్రమే రాసిన వార్తలు ఎన్నో వచ్చాయి. ఆ స్కోరు నవంబరులోనే రాసిపెట్టి ఉందని చెప్పడం నీ వంతు.

పైన గొడుగు కూడా చిన్నదవుతోంది. సూపర్ లీగ్‌కి ప్రసార సంస్థ స్కై చెల్లించే సొమ్ము 2021 దాకా ఏడాదికి దాదాపు 4 కోట్ల పౌండ్లు. తర్వాత రెండేళ్లు సుమారు 2.5 కోట్లు. 2024 నుంచి సుమారు 2.15 కోట్లు, పైగా ఈసారి ప్రతి మ్యాచ్ ప్రసారం. సరుకు పెరిగింది, ధర తగ్గింది. ఆస్ట్రేలియాలో లీగ్ ఇచ్చే గ్రాంటు క్లబ్బు శాలరీ క్యాప్ కంటే ఎక్కువ. ఇంగ్లండులో టీవీ వాటా క్యాప్‌కి కూడా చాలదు. రెండు దేశాల ఆటనూ ఒకే వ్యాసంలో పెట్టాలనుకుంటే ఈ తేడాతో మొదలుపెట్టు, మిగతావన్నీ దీని పిల్లలే. కెనడా జట్టు టొరంటో వుల్ఫ్‌ప్యాక్ 2020లో సూపర్ లీగ్‌లోకి వచ్చినప్పుడు టీవీ డబ్బులో వాటాయే లేదు. కోవిడ్‌తో సొంత మైదానం గేటు కూడా పోయింది, జూలైలో జట్టు తప్పుకుంది. దీనికి ఒక పేరా చాలు.

కోవిడ్ సంగతే ఎన్‌ఆర్‌ఎల్‌కి కూడా పెట్టు, అది మరీ ముఖ్యం. 2020 మార్చిలో రెండు రౌండ్లయ్యాక ఆట ఆగింది. మ్యాచ్ లేకపోతే ప్రసారకర్త వాయిదా ఎందుకు కట్టాలన్న పేచీ వెంటనే లేచింది. కోట్లు దుబారా చేశారని నైన్ సంస్థ లీగ్‌ని బహిరంగంగానే దులిపింది. మే 28న ఆట మళ్లీ మొదలయ్యేనాటికి ఒప్పందాలు తిరగరాసుకున్నారు. వందల కోట్ల ఒప్పందం ఉన్న లీగ్ రెండు నెలలు ఖాళీగా కూర్చోలేకపోయింది, నిల్వ లేదు కాబట్టి. 2022లో అదే లీగ్ బ్రిస్బేన్‌లో స్టేడియం దగ్గర హోటల్ కొన్నది ఆటమీద మోజు తగ్గి కాదు. టీవీ వాయిదా ఆగినా అద్దె వచ్చే చోటు ఒకటి ఉండాలని.

శాలరీ క్యాప్ మోసాల మీద నువ్వు రాసింది ఎక్కువైంది, తగ్గించు. నువ్వుండే పారమట్టా జట్టు కథ 2016ది: 2013 నుంచి 30 లక్షల డాలర్లకు పైగా క్యాప్ దాటారని 12 పాయింట్లు కోశారు, పది లక్షల జరిమానా వేశారు. ఊరివాళ్లకు అది ఇంకా మంటే, కాబట్టి విశేషణాలు వద్దు, అంకెలు చాలు. మెల్‌బోర్న్ స్టార్మ్ 2010ది మాత్రం విప్పి రాయి. ఆటగాడి జీతం ఇంతని లీగ్‌కి చూపించే ఉత్తరం ఒకటి, చూపించనిది ఇంకొకటి. 2007, 2009 టైటిళ్లు లాగేసుకున్నారు, ఆ ఏడాది పాయింట్లన్నీ సున్నా. అప్పుడు ఆ క్లబ్బు యజమాని న్యూస్ లిమిటెడ్ అనే మీడియా సంస్థ, లీగ్‌లో సగం వాటా కూడా ఆ సంస్థదే. ఈ ఒక్క వాక్యం నీ వ్యాసంలో లేదు. థర్డ్ పార్టీ ఒప్పందాన్ని మాత్రం జాగ్రత్తగా వాడు. ఆటగాడు బయటి కంపెనీతో కుదుర్చుకున్నది నేరం కాదు, దాన్ని క్లబ్బే వెనకుండి కుదిర్చితేనే తప్పు.

కాగితాలు ఎక్కడ దొరుకుతాయని అడిగావు. ఇంగ్లండు క్లబ్బులకైతే కంపెనీలు నమోదయ్యే కంపెనీస్ హౌస్ వెబ్‌సైటు, పైసా ఖర్చు లేదు. ప్రైవేటు కంపెనీ ఏడాది ముగిసిన తొమ్మిది నెలల్లో లెక్కలు దాఖలు చెయ్యాలి. గడువు దాటితే అదే నీకు మొదటి ఆనవాలు. చిన్న కంపెనీలు లాభనష్టాల పట్టిక ఇవ్వకుండా తప్పించుకోవచ్చు, అందుకని బ్యాలెన్స్ షీట్లో ఏడాదిలోపు తీర్చాల్సిన అప్పుల వరస చూడు. డైరెక్టర్ల అప్పు పెరుగుతోందా చూడు. ఛార్జీల (తాకట్టుల) జాబితా తెరిచి తాకట్టు దేనిమీద ఉందో చదువు, రాబోయే టీవీ వాటానే తాకట్టులో కనబడితే ఆ క్లబ్బు రేపటి జీతం ఇవాళ తినేసినట్టు. ఆడిటరు 'గోయింగ్ కన్సర్న్' అన్న చోట ఏం రాశాడో మాట పోకుండా తెలుగు చెయ్యి: వచ్చే పన్నెండు నెలలు సంస్థ నిలబడుతుందా అన్నదాని మీద అనుమానం. 'దివాలా' అని రాశావో, కేసు నీమీదికొస్తుంది.

ఇంకొకటి. ఉద్యోగుల జీతాల్లోంచి కోసిన పన్ను మరుసటి నెల 22లోగా ప్రభుత్వానికి కట్టాలి. చేయి ఇరుకైన క్లబ్బు ముందు ఆపేది దాన్నే. జీతం ఆగితే ఆటగాడు ఆ సాయంత్రమే అరుస్తాడు, పన్ను ఆఫీసు నెలల తర్వాత గానీ అరవదు. ఆ అరుపు, కంపెనీని మూసెయ్యమని కోర్టులో వేసే వైండింగ్-అప్ పిటిషన్‌గా గెజెట్లో అచ్చవుతుంది. వారానికోసారి గెజెట్ వెతికేవాడికి మిగతా విలేకరుల కంటే ముందే వార్త దొరుకుతుంది.

సూపర్ లీగ్‌లో ఎవరుండాలో తేల్చడానికి క్లబ్బులకు మార్కులేసే ఐఎంజీ గ్రేడింగ్ మీద పేరా బాగుంది, మొత్తం 20లో ఆర్థికానికి 4.5 అని సరిగ్గానే రాశావు. దానికి లండన్ బ్రాంకోస్‌ని జతచెయ్యి: 2023 అక్టోబరులో మైదానంలో గెలిచి సూపర్ లీగ్‌లోకి వచ్చారు, అదే నెల గ్రేడింగ్ జాబితాలో 24వ స్థానం. ఒక్క సీజనాడి దిగిపోయారు.

రెండో ప్రతి పంపేముందు పన్నెండు నెలల పట్టిక ఒకటి గీసి, నువ్వు ఎంచుకున్న క్లబ్బుకి ఏ నెలలో ఏం వస్తుందో, ఏం పోతుందో నింపు. దొరకని గడి ఖాళీగానే ఉంచు, ఊహించి నింపకు. నాలుగో పేజీలో 'టర్నోవర్' అన్న చోట 'లాభం' అని పడింది, అదీ దిద్దు.

ఆశీస్సులతో,
నీ అన్నయ్య