స్వాతంత్ర్య దినోత్సవం రోజున మీకు స్వేచ్ఛ అంటే ఏం గుర్తొస్తుంది?

నాకైతే పాస్‌పోర్టు గుర్తొస్తుంది. నవ్వకండి, మా జగిత్యాల వైపు గల్ఫ్‌కు పోయొచ్చినవాళ్ళలో చాలామంది ఇదే మాట అంటారు.

నేను ఖతర్ రాజధాని దోహాలో ఎలక్ట్రీషియన్‌గా చేశాను. దిగగానే అకామా, అంటే అక్కడ ఉండటానికి ఇచ్చే అనుమతి, కొట్టించాలని చెప్పి కంపెనీవాళ్ళు పాస్‌పోర్టు తీసుకున్నారు. మళ్ళీ ఇవ్వలేదు. అలా దగ్గర పెట్టుకోవడం అప్పుడు అక్కడున్న 2009 చట్టం ప్రకారమే తప్పు. కానీ అదే చట్టంలో ఇంకో మెలిక ఉండేది: దేశం దాటాలంటే కఫీల్, అంటే మనల్ని పనికి పిలిపించుకున్న యజమాని, ఒప్పుకుని ఎగ్జిట్ పర్మిట్ ఇప్పించాలి.

2014 శ్రావణంలో మా చెల్లె పెళ్ళి. చాలా ముందే సెలవు అడిగాను. సైటు పని కానివ్వు, చూద్దాం అంటూ మేనేజరు కాగితం పక్కన పడేశాడు. ఇంక పెళ్ళి క్యాంపులో మంచం మీద కూర్చుని ఫోన్‌లోనే చూశాను. సరిగ్గా జీలకర్ర బెల్లం పెట్టే టైముకు నెట్ ఆగింది. పంతులు గొంతు వినిపిస్తోంది, బొమ్మ మాత్రం కదలదు. ఆ వారమే ఆగస్టు 15, శుక్రవారం. సెలవే కాబట్టి రూమువాళ్ళతో ఎంబసీకి పోయాను. రాయబారి జెండా ఎగరేసి రాష్ట్రపతి సందేశం చదివారు. జనగణమన గట్టిగానే పాడాను. నా కోపం దేశం మీద కాదు కదా.

మన దగ్గర ఈ సంగతి ఎప్పుడో తేలింది. 1977లో ప్రభుత్వం మేనకా గాంధీ పాస్‌పోర్టును స్వాధీనం చేయమంటే ఆమె సుప్రీంకోర్టుకు వెళ్ళారు. విదేశాలకు వెళ్ళడం కూడా మన రాజ్యాంగం 21వ అధికరణం చెప్పే వ్యక్తిగత స్వేచ్ఛలో భాగమేనని, దాన్ని ఆపాలంటే న్యాయమైన పద్ధతి ఉండాలని 1978లో కోర్టు చెప్పింది. మన సర్కారుకే అంత హద్దు ఉన్నప్పుడు, ఎవరో గుమాస్తా బీరువాలో నా పాస్‌పోర్టు ఏళ్ళ తరబడి పడి ఉండటమేంటి? పైగా 1967 నాటి పాస్‌పోర్టుల చట్టం ప్రకారం అది కేంద్ర ప్రభుత్వ ఆస్తి, నాది కూడా కాదు!

ఖతర్ 2018లో చాలామంది కార్మికులకు ఎగ్జిట్ పర్మిట్ ఎత్తేసింది. ఇళ్ళల్లో పనిచేసేవాళ్ళకైతే 2020లో గానీ ఆ వెసులుబాటు రాలేదు. పాస్‌పోర్టు సంగతికొస్తే, కార్మికుడు రాతపూర్వకంగా కోరితే తప్ప కంపెనీ దగ్గర ఉంచుకోకూడదు, అడిగినప్పుడు తిరిగివ్వాలి. కానీ అలా కోరినట్టు రాసిన కాగితం అరబ్బీలో ఉంటే, అదేంటో తెలియకుండానే సంతకం పెట్టేయొచ్చు. మా ఊరి పిల్లలు అక్కడికి పోతుంటే అరబ్బీలో ఉన్న ఏ కాగితం మీదా చదివించుకోకుండా సంతకం పెట్టొద్దని అందుకే చెబుతుంటాను.