డిసెంబర్‌లో ఊరు ఖాళీ, జిమ్ ఫుల్

సందేహం: అన్నా, ఆగస్టులో ఎంఎస్ కోసం అమెరికాలో మిస్సోరీ రాష్ట్రంలోని మేరీవిల్ వచ్చాను. ఫైనల్స్ అవ్వగానే రూమ్మేట్స్ అందరూ చుట్టాల ఇళ్లకు వెళ్లిపోతున్నారు. నేనొక్కడినే ఉండాలి, ఇప్పటినుంచే దిగులుగా ఉంది. బాస్కెట్‌బాల్ కాన్ఫరెన్స్ సీజన్, అంటే చుట్టుపక్కల కాలేజీల మధ్య లీగ్, మొదలవుతోంది, మ్యాచ్‌లకు వెళ్తే టైమ్ తెలియదని సీనియర్స్ అంటున్నారు. నాకు ఆ ఆట తెలియదు. వెళ్లమంటారా?

వెళ్లు తమ్ముడూ, తప్పకుండా వెళ్లు. దిగులు గురించి తర్వాత మాట్లాడుకుందాం. ముందు డబ్బు సంగతి. జనవరిలో రెండో సెమిస్టర్ ఫీజు ఉంటుంది, నీ దిగుల్లో సగం అదే అయ్యుంటుంది.

నేను 2016 ఆగస్టులో ఇదే నార్త్‌వెస్ట్ మిస్సోరీ స్టేట్‌కి వచ్చాను. అప్పుడు డాలరు 67 రూపాయలు, 2025 డిసెంబర్‌లో 90 దాటింది. ఆ లెక్కన మీరు మా కంటే జాగ్రత్తగా ఉండాలి. మీరేమో వచ్చిన నెలకే ఫోన్లు మారుస్తారు. సరే, అది వేరే గొడవ.

మొదటి క్రిస్మస్ సెలవులకు న్యూజెర్సీ నుంచి మా పెద్దమ్మ కొడుకు రమ్మన్నాడు. ఎగురుకుంటూ వెళ్లాను. కాన్సస్ సిటీ ఎయిర్‌పోర్టుకి గంటన్నర, రైడ్ ఇచ్చిన సీనియర్‌కి గ్యాస్, అంటే పెట్రోల్ డబ్బులు. పండగ రోజుల్లో ఫ్లైట్ టికెట్ ఎంతుంటుందో నీకు తెలుసు. వట్టి చేతులతో వెళ్లలేం కదా, పిల్లలకు బొమ్మలు, వదినకు ఒక సెంటు సీసా. అన్నయ్య నన్ను పైసా తియ్యనివ్వలేదు, అదే అసలు చిక్కు. ఎదుటివాళ్లు తియ్యనివ్వకపోతే మనం మొహమాటానికి ఇంకెక్కడో రెట్టింపు తీస్తాం. తిరిగొచ్చేసరికి నాన్న పంపిన డబ్బు హారతి కర్పూరంలా కరిగిపోయింది. ఫీజు వాయిదాకి రూమ్మేట్ దగ్గర చెయ్యి చాచాను.

ఆ రూమ్మేట్ గుంటూరువాడు, సెలవుల్లో ఎక్కడికీ కదల్లేదు. అతని దగ్గర డబ్బెక్కడిదని నీకు అనుమానం రావాలి, నాకూ వచ్చింది. క్యాంపస్ అంతా ఖాళీ అయినా బాస్కెట్‌బాల్ జట్లు ఖాళీ అవ్వవు. డిసెంబర్ మొదట్లో ఒకటో రెండో కాన్ఫరెన్స్ మ్యాచ్‌లు అయ్యాక, క్లాసులు ఇంకా మొదలవ్వకముందే మళ్లీ ఆట ఉంటుంది. ముందు అమ్మాయిల మ్యాచ్, వెంటనే అబ్బాయిలది. టికెట్లు స్కాన్ చెయ్యాలి, పాప్‌కార్న్ అమ్మాలి, కుర్చీలు వెయ్యాలి, తియ్యాలి, చెమట పడ్డ చోట నేల తుడవాలి. ఆ పనులు చేసే అమెరికన్ పిల్లలు సెలవులకు ఇళ్లకు పోతారు. ఇక మిగిలేది ఎవరు? మన గుంటూరువాడే. సెమిస్టర్ నడుస్తున్నప్పుడు క్యాంపస్ పని వారానికి 20 గంటలు దాటకూడదు కానీ సెలవుల్లో ఫుల్ టైమ్ చెయ్యొచ్చు. నీ విషయంలో ఎలాగో డీఎస్‌ఓని, అంటే కాలేజీలో మన వీసా వ్యవహారాలు చూసే అధికారిని, అడిగి ఖాయం చేసుకో. అతను కోడిగుడ్డు పులుసుతో నెల నెట్టుకొచ్చి ఫీజు కట్టాడు. నేను మాల్స్ చూసొచ్చాను.

పైగా అది ఏ సీజనో తెలుసా? మన కాలేజీ జట్టు బేర్‌క్యాట్స్ అబ్బాయిలు 35 గెలిచి ఒక్కటే ఓడి, 2017 మార్చిలో డివిజన్-2 (కాలేజీ ఆటల్లో రెండో అంచె) జాతీయ టైటిల్ మొదటిసారి కొట్టిన సీజన్. ఆ తర్వాత 2019, 2021, 2022లో మళ్లీ గెలిచారు. 2019 జట్టు ఆడిన 38 మ్యాచ్‌లూ గెలిచింది. పదివేల చిల్లర జనాభా ఉన్న ఊరు మరి. హైదరాబాద్‌లో మీ బాబాయి "ఆ కాలేజీ ర్యాంక్ ఎంత?" అని మూతి విరిస్తే ఈ లెక్క చెప్పు. ఇంకా కావాలంటే, 1964, 1968 ఒలింపిక్స్‌లో అమెరికాకు బంగారు పతకాలు తెచ్చిన కోచ్ హెన్రీ ఐబా అంతకు ఎన్నో ఏళ్ల ముందు మేరీవిల్‌లోనే కోచ్ అని చెప్పు.

నేను మ్యాచ్‌కి వెళ్లింది జనవరి చివర్లో, అదీ ఆ గుంటూరువాడి పోరు పడలేక. తలుపు దగ్గర పెద్దవాళ్ల లైన్‌లో నిలబడి టికెట్ కొన్నాను. స్టూడెంట్ కార్డు చూపిస్తే ఊరికే పంపిస్తారని లోపలికి వెళ్లాక తెలిసింది. వెనక్కి ఇవ్వమని అడగడానికి సిగ్గు. ఇప్పటికీ ఆ డబ్బు గుర్తుకొస్తే మనసు చివుక్కుమంటుంది. తర్వాత, బాగుందని మధ్యలో కూర్చున్నాను. అది సీజన్ టికెట్ కొన్నవాళ్ల సీటు. ఒక ముసలి రైతు, ఆయన భార్య వచ్చి నవ్వుతూ నిలబడ్డారు, లెమ్మని అనలేదు. నేను లేవబోతే పక్కన ఖాళీగా ఉన్న సీటు చూపించారు. అంతటితో ఊరుకున్నానా? మన జట్టువాడు ఫ్రీ త్రో (అవతలివాళ్లు ఫౌల్ చేస్తే ఎవరూ అడ్డుపడకుండా వేసే బంతి) వెయ్యబోతుంటే ఉప్పల్ స్టేడియంలో ఉన్నట్టు గట్టిగా ఈల వేశాను. ఆట జరిగే జిమ్ అంతా నిశ్శబ్దంగా ఉంది, నా ఈల ఒక్కటే. బంతి రింగుకి తగిలి బయటపడింది. ముసలాయన నా మోకాలి మీద చెయ్యి వేసి పద్ధతి చెప్పాడు. మనవాళ్లు ఫ్రీ త్రో వేసేటప్పుడు నోరు కట్టేసుకోవాలి, అవతలివాళ్లు వేసేటప్పుడు ఎంత గోలైనా చెయ్యొచ్చు. నువ్వు ఇదొక్కటి తెలుసుకుని వెళ్తే చాలు. అబ్బాయిలకు 20 నిమిషాల చొప్పున రెండు భాగాలు, అమ్మాయిలకు 10 నిమిషాల చొప్పున నాలుగు, అయిదు ఫౌల్స్ చేస్తే అవుట్. మిగతావి నెట్‌లో చూసుకో.

ఆ ముసలాయనతో పరిచయం వల్ల మంచం, డెస్కు, రెండు కుర్చీలు ఊరికే వచ్చాయి. కొనుంటే తక్కువలో తక్కువ 150 డాలర్లు. థాంక్స్‌గివింగ్ భోజనం రెండేళ్లు వాళ్లింట్లోనే, అదీ లెక్కలో వేసుకో. ఆవిడ ఇప్పటికీ క్రిస్మస్ కార్డు పంపుతుంది. నేనూ పంపుతాను, స్టాంపు ఖరీదు ఏటా పెరుగుతున్నా సరే.

ఆటగాళ్లను చూసి వీళ్లకేం, అన్నీ ఫ్రీ అనుకోకు. డివిజన్-2లో అబ్బాయిల జట్టుకి ఒక కాలేజీ ఇవ్వగలిగేది పది పూర్తి స్కాలర్‌షిప్‌ల విలువే, దాన్నే అందరూ ముక్కలుగా పంచుకుంటారు. కొందరు నీలాగే ఫీజు బాకీ ఉన్నవాళ్లు. కాన్సస్‌లో హేస్‌కి మ్యాచ్ అంటే అయిదు గంటలు బస్సు, తెల్లారితే క్లాసు. మన కోచ్ బెన్ మెకాలమ్ 2024లో డివిజన్-1లో ఆడే డ్రేక్ యూనివర్సిటీకి వెళ్తూ ఇక్కడి పిల్లలను నలుగురిని వెంట తీసుకెళ్లాడు. వాళ్లతోనే 31 మ్యాచ్‌లు గెలిచి, 2025 మార్చిలో డివిజన్-1 జాతీయ టోర్నమెంట్‌లో మిస్సోరీ యూనివర్సిటీని ఓడించాడు. చిన్న కాలేజీ వాళ్ల సత్తా అది.

బయట ఊళ్ల మ్యాచ్‌ల జోలికి మాత్రం పోకు. గ్యాస్, మోటెల్, తిండి, మనకెందుకు? సెంట్ జోసెఫ్‌లో మిస్సోరీ వెస్టర్న్ మీద మ్యాచ్ అయితే గంటలోపే, ఎవరైనా రైడ్ ఇస్తే వెళ్లు. వారెన్స్‌బర్గ్ అయితే ఇంకా మేలు. అక్కడి సెంట్రల్ మిస్సోరీ యూనివర్సిటీ నిండా మనవాళ్లే, రాత్రి ఎవరి రూములోనైనా పరుపు దొరుకుతుంది, పప్పు, ఆవకాయ దొరుకుతాయి. మ్యాచ్ అయ్యేదాకా వాళ్లు ఆ జట్టు, మనం ఈ జట్టు. వాళ్ల ముందు 2017 గొప్పలు ఎక్కువ చెప్పకు, 1984లో వాళ్ల అబ్బాయిలు, అమ్మాయిలు ఒకే ఏడాది జాతీయ టైటిల్స్ కొట్టారు. గొంతెత్తితే పరుపు పోతుంది.

ఇంకో మాట గట్టిగా చెబుతున్నా. 2025 డిసెంబర్ 1 నుంచి మిస్సోరీలో కూడా స్పోర్ట్స్ బెట్టింగ్ చట్టబద్ధమైంది. అంతకుముందు పక్క రాష్ట్రాల దాకా పోవాల్సి వచ్చేది, ఇప్పుడు ఫోన్‌లోనే పని అయిపోతుంది. ఐపీఎల్ అలవాటున్న మనవాళ్లు దీంట్లో ఇట్టే పడిపోతారు. మొదటి బెట్‌కి ఏదో ఆఫర్ అంటారు. ఆ యాప్ వేసుకోకు. నాకు తెలిసిన ఒకబ్బాయి సెమిస్టర్ ఫీజు మొత్తం అందులో పోసి, ఊళ్లో వాళ్ల నాన్న చేత అరెకరం అమ్మించాడు.

పనికి ఈ వారమే అడుగు, సెలవులు మొదలయ్యాక అడిగితే లాభం లేదు. ఆఫర్ లెటర్ వచ్చాకే సోషల్ సెక్యూరిటీ నంబర్‌కి అప్లై చెయ్యాలి, దానికి టైమ్ పడుతుంది. మ్యాచ్ రోజు నల్ల ప్యాంటు వేసుకు రమ్మంటారు. కొత్తది కొనకు. వీసా ఇంటర్వ్యూకి కుట్టించుకున్నది సూట్‌కేసు అడుగున అలాగే ఉండుంటుంది.