హెల్మెట్ పెడితే నుదురు నొప్పి.. మార్చాల్సింది సైజా, పట్టీయా?

ప్రశ్న: నా వయసు 41. శని, ఆదివారాల్లో తెల్లవారకముందే ఓఆర్‌ఆర్ సైకిల్ ట్రాక్ మీద 40 కిలోమీటర్లు తొక్కుతాను. అరగంట దాటితే చాలు, హెల్మెట్ కింద నుదురు పట్టేసినట్టు ఉంటుంది. చెమట కళ్లలోకి కారుతుంది. వదులు చేస్తే హెల్మెట్ వెనక్కి జారుతోంది. ఇంట్లో ఉన్న బైక్ హెల్మెట్ వాడొచ్చా? ఖరీదైనది కొనాలా?
– ఓ పాఠకుడు, మణికొండ

జవాబు: ఇది బయటి ఒత్తిడి వల్ల వచ్చే తలనొప్పిలా ఉంది. కనుబొమ్మల పైన చర్మం కిందే నరాలుంటాయి. వాటిని ఏదైనా అదేపనిగా నొక్కితే ఇలాగే అవుతుంది. బిగుతుగా ఈత కళ్లద్దాలు పెట్టుకునేవారికీ వస్తుంది. హెల్మెట్ తీసిన గంటలోపు పూర్తిగా పోతుంటే కంగారు అక్కర్లేదు. అలా పోకపోయినా, వాంతులు, చూపు మసకబారడం లాంటివి ఉన్నా నెపం హెల్మెట్ మీదకు నెట్టకుండా డాక్టర్‌ను కలవండి. ఎలాగూ నలభై దాటారు, బీపీ కూడా చూపించుకోండి.

వదులు చేసుకోవడం మాత్రం మానండి. వెనక్కి జారిన హెల్మెట్ ఉన్నా, ముందుకు పడితే నేలకు తగిలేది మీ నుదురే. అసలు చిక్కు తల ఆకారంతో. కొందరి తల గుండ్రంగా, కొందరిది ముందు వెనకలకు పొడవుగా ఉంటుంది. పొడవు తలకు గుండ్రటి హెల్మెట్ పెడితే నుదురు దగ్గర నొక్కేస్తూ, చెవుల పైన ఖాళీగా ఉంటుంది. మీ సంగతి ఇదేననిపిస్తోంది. దర్జీ టేపుతో కనుబొమ్మలకు అంగుళం పైన చుట్టుకొలత తీసుకుని షాపుకు వెళ్లండి. హెల్మెట్ పెట్టుకుని, గడ్డం పట్టీ వేయకుండా వెనక డయల్ మాత్రమే బిగించి తల అటూ ఇటూ ఊపండి. కదలకూడదు. పది నిమిషాలు అలాగే ఉంచి తీస్తే నుదుటి మీద ఒకేచోట ఎర్రటి గీత పడిందా, వేరే కంపెనీది చూడండి. ముందు అంచు కనుబొమ్మలకు రెండు వేళ్ల పైన ఉండాలి. పక్క పట్టీలు చెవి కింద ‘వి’ ఆకారంలో కలవాలి. గడ్డం కింద ఒక వేలు దూరితే చాలు.

బైక్ హెల్మెట్ వద్దు. అది కిలో పైనే ఉంటుంది, గాలి ఆడదు. రోడ్ సైకిల్ మీద వంగి, మెడ ఎత్తి చూడాలి కాబట్టి ఆ బరువంతా మెడ మీదే. సైకిల్ హెల్మెట్ సాధారణంగా 250–300 గ్రాములే ఉంటుంది. రంధ్రాలు ఎన్నున్నాయని లెక్కపెట్టకండి. ముందు దూరిన గాలి వెనక నుంచి పోయేలా లోపల కాలువలు ఉండాలి. చెమటకు పల్చటి కాటన్ టోపీ పర్లేదు, మందపు ఉన్ని టోపీ వద్దు.

ఖరీదు కన్నా లోపలి లేబుల్ చూడండి: ఈఎన్ 1078 (యూరప్ భద్రతా ప్రమాణం) లేదా సీపీఎస్‌సీ (అమెరికాది) అని ఉండాలి. మిప్స్, అంటే లోపల జారే పల్చటి పొర, ఉన్నది కొంటే మంచిదే. పడినప్పుడు తల ఒక్కసారిగా మెలితిరుగుతుంది, ఆ మెలికకే మెదడు ఎక్కువ దెబ్బతింటుంది. ఆ పల్చటి పొర హెల్మెట్‌ను 10–15 మిల్లీమీటర్లు జారనిచ్చి ఆ తిప్పుడును తగ్గిస్తుంది. అయితే సైజు కుదరని మిప్స్ కన్నా కుదిరిన మామూలుదే నయం.

ఒకసారి ఓ పేషెంట్ పడ్డాక తన హెల్మెట్ తెచ్చి చూపించాడు. పైన చిన్న గీత కూడా లేదు. ప్యాడ్ ఊడదీస్తే లోపలి థర్మోకోల్ అడ్డంగా చీలి ఉంది. దెబ్బను తాను నలిగి తీసుకోవడమే దాని పని, నలిగింది మళ్లీ పొంగదు. కాబట్టి తల తగిలేలా పడితే హెల్మెట్ మార్చేయాల్సిందే. మత్తుగా ఉండటం, అడిగిందే అడగడం, వాంతి.. వీటిలో ఏది కనిపించినా నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లండి. రక్తం పలచబడే మందులు వాడేవారైతే ఏ లక్షణం లేకపోయినా వెళ్లాలి.