డెస్డెమోనా చివరికి ఎందుకలా అయిపోయింది?

"తండ్రినే ఎదిరించి పెళ్లి చేసుకున్న పిల్ల, మొగుడు కొడితే ఎందుకు పడుంటుంది? 'ఒథెల్లో' నాటకంలో షేక్‌స్పియర్ ఆమె పాత్రను మధ్యలో వదిలేశాడా?" అని అడిగారు. నల్లగొండలో డిగ్రీ చదివేటప్పుడు నాకూ ఇదే కోపం వచ్చేది. మా పెద్దమ్మ బిడ్డ కాపురం చూశాక పోయింది.

అక్క ఊళ్లో పెద్దమనుషుల ముందర నిలబడి "ఈయన్నే చేసుకుంటా" అన్న మనిషి. వెనిస్ సభలో, ఆ నగరాన్నేలే డ్యూక్ ముందర, డెస్డెమోనా తండ్రికి చెప్పిన జవాబు చదివినప్పుడల్లా నాకు అక్కే కనపడుతుంది. మొగుడు ఒథెల్లో వెంట సైప్రస్‌కు పోతానని నోరు తెరిచి అడిగింది కూడా డెస్డెమోనానే.

అక్క దేవరకొండలో కాపురం పెట్టింది. బావకు అనుమానం. మొదట్లో గట్టిగా పోట్లాడేది. ఏడాది తిరిగేసరికి మాతో కూడా ఫోన్ స్పీకర్‌లో పెట్టి మాట్లాడేది. ఏందక్కా ఇది అంటే, "ఆయనకు పని టెన్షన్ లే" అనేది. డెస్డెమోనా కూడా అంతే, రాచకార్యం ఏదో ఆయన మనసు పాడుచేసి ఉంటుందంటుంది. అక్కడ నేను పుస్తకం మూసేశాను.

ఒకసారి గుచ్చి అడిగితే అక్క, "నేనే కోరి చేసుకున్న గదా, ఇప్పుడు ఏ మొఖం పెట్టుకొని చెప్పుకోవాలె?" అన్నది. ఊరినెదిరించిన ఆ పట్టుదలంతా ఇప్పుడు తన ఎంపిక తప్పు కాదని నిలబెట్టుకోవడానికే ఖర్చవుతోందని నాకప్పుడు అర్థమైంది. ఒథెల్లో కొలువులోంచి తీసేసిన కాసియోను మళ్లీ పెట్టుకోమని డెస్డెమోనా మళ్లీ మళ్లీ అడగడంలో ఆ మొండితనమే ఉంది. ఒథెల్లో ఇచ్చిన రుమాలు పోలేదని అబద్ధమాడింది మాత్రం భయంతోనే. నాలుగో అంకంలో చుట్టం ముందర ఒథెల్లో కొడితే, "ఇంత తప్పు నేను చేయలేదు" అంటుంది. అది మెత్తని మాటేం కాదు. చివరికి ఒథెల్లోనే ఆమెను చంపుతాడు; ప్రాణం పోయేముందు, ఈ పని చేసిందెవరని చెలికత్తె ఎమిలియా అడిగితే "ఎవరూ కాదు, నేనే" అంటుంది. దాన్ని పతిభక్తి అంటే నేను ఒప్పుకోను. కోరుకున్నది నేనే, మోయాల్సింది కూడా నేనే అనుకునే మనిషి మాట అది.

తండ్రి సంగతి కూడా చూడండి. "నన్ను మోసం చేసింది, నిన్నూ చేస్తుందేమో" అని సభలోంచి పోతూ ఒథెల్లోతో అంటాడు. మూడో అంకంలో, ఒథెల్లోకు లేని అనుమానం ఎక్కించే ఇయాగో దాన్నే ఒథెల్లో చెవిలో వేస్తాడు. బావ కూడా తాగినప్పుడు "కన్నతండ్రినే కాదన్నదానివి, నన్ను కాదనవా" అనేవాడు.

డెస్డెమోనాకు తిరిగిపోయే ఇల్లు లేదు. ఆ పెళ్లి దిగులుతోనే తండ్రి చనిపోయాడని చివరి దృశ్యంలో తెలుస్తుంది. అక్కకు పెద్దమ్మ ఉంది. ఒక పెళ్లిలో అందరి ముందర బావ చెయ్యి చేసుకున్న మర్నాడు, పెద్దమ్మ పొద్దుగాల మొదటి బస్సెక్కి దేవరకొండ పోయింది. ఎందుకు చేసుకున్నవని ఒక్క మాట కూడా అడగలేదట. "పిల్లల బట్టలు సర్దు బిడ్డా, అన్నం వండి పెట్టే వచ్చిన" అన్నదట.